తడిగుడ్డ

ఆగండాగండి, ఎక్కడికీ వెళ్ళకండి, చేతిలో పని ఏదున్నా ఓ పక్కన పెట్టి కాసేపు చెవి ఇటు పడేయండి. వినబడుతోందా? ఓరగా వేసిన ఆ తలుపు వెనక ఓ అమ్మాయి గొంతు. "గుడ్ మార్నింగ్ చిల్డ్రన్" అంటోంది. బదులు లేదు. మళ్ళీ అంటోంది, ఈసారి కాస్త నవ్వు కలిపి, చివర్లో గొంతు పైకెత్తి. అబ్బే. బదులెలా వస్తుంది, లోపల పిల్లలుంటే కదా! ఇంకా ఎనిమిది కూడా కాలేదు. రాచర్ల దాటి ఆటోలో ఇరవై నిమిషాలు పోతే వచ్చే ఊరు, ఆ ఊరి చివర హైస్కూలు, అందులో తొమ్మిదో తరగతి గది, ముప్పై నాలుగు మంది కూర్చునే ఖాళీ బెంచీలు, వాటి ముందు ఇంగ్లీషు టీచరు ప్రియదర్శిని. చేతిలో తెల్ల పెన్ను, వెనకాల గోడంత స్మార్ట్ బోర్డు. మూడోసారి గుడ్ మార్నింగ్ చెప్పింది. వెనక గోడ దాన్ని తిప్పి ఆమెకే పంపింది. సరే, కనీసం గోడకైనా మర్యాద తెలుసు అనుకుంది.

తొమ్మిదికి మధుసూదన్ గారు వస్తారు. జిల్లా ఆఫీసు నుంచి. స్మార్ట్ బోర్డుతో ఇంగ్లీషు ఎవరు బాగా చెబుతున్నారో బడి బడికీ తిరిగి చూస్తున్నారు ఆయన, నచ్చినవాళ్ళని వీడియో పాఠాలు తయారుచేసే టీంలోకి తీసుకుంటారట, ఆ టీం కూర్చునేది ఎక్కడో కాదు, విజయవాడలో. విజయవాడ! అంటే అమ్మ, అంటే కిటికీ పక్కన తన మంచం, అంటే సాయంత్రం కాలువ గట్టున పానీపూరీ బండి దగ్గర గొంతు పోయేలా మాట్లాడుకునే నలుగురు స్నేహితులు, అంటే పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు పేరు పెట్టి పిలవడం. నలభై నిమిషాల పాఠం. అంతే దూరం. అయితే ఆ పాఠం చెప్పాల్సిన బోర్డుకి నాలుగు రోజులుగా ఏదో పట్టుకుంది. దసరా సెలవులయ్యాక సోమవారం బడి తెరిచి ఆన్ చేస్తే దానంతటదే గీతలు గీయడం మొదలెట్టింది. ఎవరూ ముట్టుకోరు, తెర మీద ఎర్ర గీత ఒకటి ఎడమ మూల నుంచి జరజరా పాకుతుంది. పేజీ దానంతటదే తిరుగుతుంది. సౌండు దానంతటదే పెరిగి, ఇంగ్లీషు పాఠం చదివే ఆ యంత్రం గొంతు గేటు బయట మేకలకి కూడా వినబడుతుంది. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత ఒకడు "దయ్యం మేడం" అన్నాడు, తర్వాత అందరూ నవ్వడం మానేశారు.

ఇదిగో ఇప్పుడు కూడా. ఆమె తయారుచేసుకున్న మొదటి స్లైడు, నీలం రంగు మీద 'మా ఊరు' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు, దాని కింద ఈ పిల్లలే తీసిన ఫొటోలు, కంది చేను, గొర్రెల మంద, రాచర్ల ఆటో వెనకాల వేలాడే ముగ్గురు, దాని మీద నుంచి ఎర్ర గీత పాకుతూ పోయి గొర్రెల మందని అడ్డంగా కొట్టేసింది. ఎన్ని ఆదివారాలు కూర్చుంది ఈ స్లైడ్ల కోసం! గిద్దలూరులో అద్దెగది, మంచం మీద లాప్‌టాప్, కిటికీ ఊచకి ఫోను కట్టి, ఆ ఒక్క ఊచ దగ్గరే సిగ్నల్ మరి, పక్క ఊచకి మారిస్తే పోతుంది, మొదటి ఐదు నిమిషాలు పలకరింపు, తర్వాత పది నిమిషాలు వినడం, తర్వాత జతలు జతలుగా మాట్లాడడం, ఎక్కడ నవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఎవరు లేస్తే ఏమడగాలి, అన్నీ నోట్సులో రంగుపెన్నులతో. ముప్పై నాలుగు మందితో ఎలా మాట్లాడాలో రాసుకుంటూ ఒక్కో ఆదివారమంతా ఆమె మాట్లాడిన మాటలు లెక్కపెడితే మూడు. "రెండిడ్లీ, పార్శిల్, చాలు." నిజంగా మూడే. శనివారం సాయంత్రం తలుపేసుకుంటే సోమవారం పొద్దున ఆటో ఎక్కేదాకా గొంతుకి పనుండదు, సోమవారం మొదటి పీరియడులో గొంతు బొంగురుగా వస్తుంది, పిల్లలు జలుబు చేసిందా మేడం అని అడుగుతారు, ఆ అవును అంటుంది. అమ్మ ఫోన్ చేస్తుంది, నిజమే, తిన్నావా అంటుంది, తిన్నాను అంటుంది, ఆ తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియక వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. ఇక్కడ ఎండ. అక్కడా ఎండే.

ఈ పొద్దున మాల్యాద్రి ఆటోలో ఆమె ఒక్కతే. రోజూ తీసుకొచ్చే ఆటోయే, రోజూ ఏదో ఒకటి వాగుతూనే ఉంటాడు, వానల సంగతి, వాళ్ళ బావమరిది పెళ్ళి సంగతి, ఈమె ఊ కొడుతుంది. ఇవాళ అద్దంలోంచి చూస్తూ అడిగాడు.

"అక్కా, మా సుబ్బులు పిన్నమ్మను బళ్ళోనుంచి తీసేసినారంట గదా. ఏం జేసిందంట?"

"నాకు సరిగ్గా తెలీదు మాల్యాద్రీ."

"టీవీ చెడగొట్టిందంటాండారు. ఆమెకు మా ఇంట్లో టీవీ పెట్టడమే రాదక్కా, రిమోటు తిరగేసి పట్టుకుంటాది, అంత పెద్ద టీవీని ఏం చెడగొడుతుంది?" అని తనే పకపకా నవ్వేశాడు.

ఆమె నవ్వలేదు. బయటికి చూసింది. నాకు సరిగ్గా తెలీదు. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. మంగళవారం వచ్చిన మాట కూడా ఇంతే సులువుగా వచ్చింది. మంగళవారం హెడ్మాస్టర్ సుందరరాజు గారు నడుం మీద చేతులు పెట్టుకుని ఈ బోర్డు ముందు నిలబడి, "ఏంది మా ఇది, లక్షల వస్తువు, మీ చేతికిస్తే ఇట్ల చేస్తిరి, శుక్రవారం ఆఫీసరొస్తే ఏమని చెప్పాల?" అన్నప్పుడు ఆమె బోర్డు స్విచ్చు ఆపుతూ వేస్తూ ఉంది. సెలవుల్లో గది తాళం ఎవరి దగ్గరుండె అన్నారు. ఆయా సుబ్బులు దగ్గరే సార్ అంది. అది నిజం. అక్కడితో ఆగొచ్చు. ఆగితే సరిపోయేది. కానీ ఆయన ఇంకా ఆమె వైపే చూస్తున్నారు, ఆ చూపు పక్కకి తిరిగితే చాలనిపించింది, "ఊడ్చేటప్పుడు తడిగుడ్డ పెట్టి తుడిచిందేమో సార్" అంది. ఏమో అంది. గట్టిగా అనలేదు, ఏమో అని మాత్రమే అంది, ఏమో అంటే అబద్ధం కాదు కదా, ఏమో అంటే అనుమానం, అనుమానం ఎవరికైనా రావచ్చు. ఆయన చూపు పక్కకి తిరిగింది. సాయంత్రానికల్లా సుబ్బులుకి రేపట్నుంచి రావద్దని చెప్పేశారు, కమిటీ వాళ్ళు వేరే ఆయాను చూస్తారట. సుబ్బులు చీపురు మూలన పెట్టి, తాళంచెవి టేబుల్ మీద పెట్టి పోయిందట. ఆమె కూతురు నాగవేణి ఇదే తరగతి, రెండో బెంచీ, గోడ పక్క. ఇంగ్లీషులో అందరికన్నా ముందు చెయ్యెత్తే పిల్ల. బుధవారం నుంచి చెయ్యెత్తడం లేదు. పేరు పెట్టి అడిగితే లేచి నిలబడుతుంది, బోర్డు వైపు చూడదు, నేల వైపు చూస్తుంది, కూర్చోమనేదాకా అలాగే.

ఎర్ర గీత మళ్ళీ పాకింది. ప్రియదర్శిని బోర్డు ఆపేసి మళ్ళీ ఆన్ చేసింది. కంపెనీ నంబరుకి మళ్ళీ ఫోన్ చేసింది, తొమ్మిదిన్నర తర్వాత చేయండి అని రికార్డు గొంతు. నిన్న మాట్లాడినతను మంచివాడే, ఓపిగ్గా అడిగాడు, "టచ్‌కి ఏదో అడ్డొస్తోంది మేడం, ఫ్రేమ్ మీద ఏమన్నా అంటుకుని ఉందా, స్టిక్కరు లాంటిది, చూడండి" అన్నాడు. చూసింది. "ఏమీ లేదండీ, నీట్‌గా ఉంది" అంది. ఎవరూ తాకకుండానే ఎవరో తాకుతున్నారని దానికెందుకు అనిపిస్తోందో! తనని ఎవరైనా తాకి ఎన్నాళ్ళయిందో ఆలోచిస్తే, ఆదివారం బస్టాండులో అమ్మ సంచీ అందిస్తున్నప్పుడు, అంతే, ఐదు రోజులయిపోయింది. మొదటి బెంచీ మీద కూర్చుని ఫోను తీసింది. ఏం చూద్దామని కాదు, చెయ్యి ఊరికే ఉండలేక. ఫొటోలు పైకి తోస్తూ పోయింది, ఇంటి దగ్గర దసరా, పిన్ని కూతురి కొత్త చీర, పిండివంటలు, ఇంకా వెనక్కి, సెలవుల ముందు రోజు, ఇదే గది, ఇదే బోర్డు, బోర్డు పక్కన తను, పళ్ళన్నీ కనబడేలా నవ్వు, గంధం గిన్నె ఒక చేతిలో, రెండో చేతి చూపుడువేలు బోర్డు చట్రం ఎడమ మూలన. వేలి కింద పచ్చగా, తడిగా, బొట్టు.

ఆ రోజు మిగతా టీచర్లంతా మధ్యాహ్నమే బస్సులకి వెళ్ళిపోయారు. ఆమె బస్సు సాయంత్రం. గదిలో కూర్చుని ఏం చేయాలని బళ్ళోనే ఉండిపోయింది, అప్పుడు చూసింది, సుబ్బులు ఒక్కతే బడంతా తిరిగి ఆయుధపూజ చేస్తోంది. ఇత్తడి గంటకి బొట్టు. బీరువాకి బొట్టు. సైన్సు గదిలో త్రాసుకి, క్రికెట్ బ్యాటుకి, స్టోరు గదిలో ఎప్పటివో మార్కాపురం పలకల కట్ట ఉంటే పై పలకకి, హెడ్మాస్టరు కుర్చీకి, నల్లబల్లలన్నిటికీ. బోర్డు దగ్గరికొచ్చి మాత్రం ఆగిపోయింది. "దీనికి పెట్టొచ్చునా టీచరమ్మా? షాకు కొడుతుందేమో" అంది. "నేను పెడతాను ఉండు సుబ్బులక్కా" అని గిన్నె లాక్కుంది ప్రియదర్శిని, ఎంత హుషారో, నా ఆయుధం కదా, నేనే పెట్టాలి, నాలుగు మూలలా గంధం అద్ది, పైన కుంకుమ అద్ది, ఒక్కటి సరిపోదని మధ్యలో కూడా వరసగా అద్దుకుంటూ పోయింది. సుబ్బులు కొబ్బరికాయ కొట్టి చిప్ప చేతిలో పెట్టింది. "మన పనిముట్టుకు మనం మొక్కకపోతే అది మనమాట యాడ ఇంటాది?" అంది. ఇద్దరూ గడప మీద కూర్చుని కొబ్బరి తిన్నారు, సుబ్బులు వాళ్ళాయన గొర్రెల మందతో ఎన్ని నెలలు ఊరొదిలి పోతాడో, చీకటి పడ్డాక ఇంట్లో పిల్లా తనూ ఒకరి మొగమొకరు ఎట్లా చూసుకుంటారో చెప్పింది, "నీ మాదిరే అమ్మా, నీకు ఆ పిల్లైనా లేదు" అంది. ఏడాదిలో ఆ ఊళ్ళో ఒక మనిషితో అంతసేపు మాట్లాడింది ఆ ఒక్కరోజే. ఈ ఫొటో తీసింది కూడా సుబ్బులే, ఎక్కడ నొక్కాలో చూపిస్తే. స్టేటస్ పెట్టుకుంది, అరవైమంది చూశారు. సుబ్బులు చూడలేదు, ఆమె ఫోనులో అవేవీ రావు.

లేచి చట్రం దగ్గరికెళ్ళి మొహం ఆనించినట్టు పెట్టి చూసింది. ఉన్నాయి. ఎండిపోయి, పెచ్చులు కట్టి, చట్రం లోపలి అంచు మీదకి జారి గట్టిపడి, పదకొండు బొట్లు. సెలవుల ముందు నుంచీ అక్కడే ఉన్నాయి, దాచిపెట్టలేదు, నల్లటి చట్రం మీద పచ్చగా, ఎర్రగా, దీపాల్లా ఉన్నాయి. ఆమె చూసింది, సుందరరాజు గారు చూశారు, ముప్పై నాలుగు మంది చూశారు, ఎవరికీ కనబడలేదు. ఎందుకు కనబడతాయి, తలుపుకుంది, గంటకుంది, నల్లబల్లకుంది, బొట్టు కూడా ఒక వస్తువని, అది దేనికో అడ్డమొస్తుందని ఎవరికి తోస్తుంది? నీట్‌గా ఉంది అని చెప్పింది తను, మనస్ఫూర్తిగానే చెప్పింది. ఒంగోలు ట్రైనింగులో చెప్పారు కూడా, ఈ అంచు పొడుగునా కంటికి ఆనని చిన్న చిన్న కళ్ళుంటాయి, ఎదురెదురుగా ఒకదాన్నొకటి చూసుకుంటుంటాయి, మధ్యలో వేలు వస్తే వాటి చూపుకి అడ్డుపడుతుంది, అలా తెలుస్తుంది వాటికి ఎక్కడ తాకామో అని. ఆ కళ్ళ మీదే గంధం రాసింది. నీళ్ళసీసా తీసి, చున్నీ కొస తడిపి, ఒక్కొక్కటే నానబెట్టి తుడిచింది. పదకొండూ తుడిచింది. ఆన్ చేసింది. నీలం స్లైడు. గొర్రెల మంద. గీత లేదు. నిమిషం చూసింది. లేదు. పెన్నుతో రాసింది, రాసినచోటే రాసుకుంది. వేలితో పేజీ తిప్పింది, తిప్పిందే తిరిగింది. "వచ్చేసింది!" అని చప్పట్లు కొట్టేసింది, గట్టిగా, గది మొత్తం మోగేలా, ఎవరివైపో తిరిగి చెప్పబోయింది కూడా. ఖాళీ బెంచీలు. రెండో బెంచీ, గోడ పక్క, అక్కడ చూపు ఆగిపోయింది. చేతిలో చున్నీ కొస తడిగా, పచ్చగా. తడిగుడ్డ.

ఏ తడిగుడ్డైతే చెడగొట్టిందని చెప్పిందో దాంతోనే బాగయింది. చెడగొట్టింది తను. చెప్పాలి. చెప్పాలి కదా? సార్, నేనే బొట్టు పెట్టాను, నేనే మర్చిపోయాను, నేనే ఆమె మీద అన్నాను. ఏ ఆఫీసరు ముందు? బోర్డు వాడడం వచ్చిన టీచరు ఎవరా అని చూడ్డానికొస్తున్న ఆఫీసరు ముందు. సెన్సార్ల మీద గంధం పూసిన టీచరుని విజయవాడ ఎవరు పిలుస్తారు? చెప్పకపోతే? బాగయింది సార్ అంటే సరి, ఎలా అంటే ఏమో సార్ దానంతటదే అనొచ్చు. మళ్ళీ ఏమో. పాఠం అయిపోయాక సాయంత్రం సుందరరాజు గారికి విడిగా చెప్తే? సోమవారం చెప్తే? విజయవాడ వెళ్ళాక ఫోన్ చేసి చెప్తే? ప్రతి ఆలోచనా ముందుదానికన్నా కొంచెం దూరంగా జరుగుతోంది, ప్రతిసారీ అది న్యాయంగానే వినబడుతోంది, అదే భయమేసింది ఆమెకి. ఎనిమిదిన్నర. గేటు దగ్గర పిల్లల గొంతులు మొదలయ్యాయి. తలుపు కిర్రుమంది.

సుబ్బులు. కొంగు నడుముకి చుట్టి, చేతిలో చీపురు.

"అప్పుడే వచ్చినావా అమ్మా? ఆఫీసర్లొస్తాండారని నాగవేణి చెప్పె. ఊడ్చేవాళ్ళు లేరు గదా, ఈ దుమ్ములో నిన్ను నిలబెడితే నీ మర్యాద ఏం కాను? పెద్దసారు వచ్చేలోపల ఊడ్చి పోతాలే, నన్ను జూస్తే మళ్ళీ గుర్రుమంటాడు."

సుబ్బులు చకచకా ఊడుస్తూ, బెంచీల కింద వంగుతూ, మాట్లాడుతూనే ఉంది. నిన్న పొద్దున్నే మార్కాపురం బస్సెక్కి, అక్కడ దిగి ఇంకో బస్సెక్కి త్రిపురాంతకం అమ్మవారి గుడికి పోయిందట. "పొద్దుగూకినాక ఇల్లు చేరినా. నా చెయ్యి ఏమన్నా మంచిది కాదేమోనమ్మా, తాళం తీసి ఊడ్చింది నేనే గదా, ఏ పొద్దు ఏ చెడు జేసినానో ఏమో. అమ్మోరి కుంకుమ తెచ్చినా, నీ టీవీకని" అంది. చీపురు గోడకి ఆనించి, కొంగు ముడి విప్పి పొట్లం తీసింది. అప్పుడు తల ఎత్తి బోర్డు చూసింది. నీలంగా, నిశ్చలంగా వెలుగుతోంది. "అయ్యో నా తల్లీ, లేచెనే!" అని రెండు చేతులూ జోడించి మొక్కింది. మొక్కి, దగ్గరికెళ్ళి, చట్రం మీద చూపు పడగానే మొహం చిన్నబోయింది. "బొట్టు ఎందుకు తుడిచినావమ్మా? ఇంత పొద్దు నువ్వు బోసి మొగంతో నిలబెడితే యాడైనా నిలబడుతుందా అది? ఉండు." ఎర్రగా కుంకుమ అంటిన ఉంగరపు వేలు ఎడమ మూలకి, సరిగ్గా ఆ కళ్ళ మీదకి.

ప్రియదర్శిని ఆ మణికట్టు పట్టేసుకుంది. పట్టుకున్నాక తెలిసింది ఎంత గట్టిగా పట్టుకుందో. గాజులు అరచేతిలో గుచ్చుకున్నాయి, కింద చర్మం వెచ్చగా, పనిచేసి వచ్చిన చెయ్యి, నాడి కొట్టుకుంటోంది.

"వద్దక్కా. అక్కడ వద్దు."

"ఏం? ఎందుకు వద్దు?"

కోపం లేదు ఆ గొంతులో. తెలుసుకుందామని అడిగింది, అంతే, టీచరుని అడిగినట్టు. జవాబు ఒకటే ఉంది, అది చెబితే తర్వాత రెండో ప్రశ్న ఉంటుంది, మరి నన్నెందుకు తీసేసినారని. వరండాలో బూట్ల చప్పుడు. "రండి సార్, ఇదే క్లాసు" అంటూ సుందరరాజు గారు, ఆయన వెనకే కళ్ళజోడు సర్దుకుంటూ మధుసూదన్ గారు, తొమ్మిదికన్నా ముందే, వాళ్ళ వెనక తలుపు నిండా పిల్లలు, అందరికన్నా ముందు నాగవేణి, సంచీ పట్టీని రెండు చేతులతో మెలిపెడుతూ.

"ప్యానెల్ పాడైందన్నారు, చక్కగా ఉందే! ఎవరు బాగు చేశారమ్మా?" అన్నారు మధుసూదన్ గారు.

"ఇదో, చెడగొట్టిన మనిషి ఈమే సార్, తడిగుడ్డ పెట్టి తుడిచింది" అని సుందరరాజు గారు సుబ్బులు వైపు తిరిగారు. "రావద్దంటిని గదా నిన్ను? మళ్ళీ దాని మీదనే చెయ్యేస్తాండావా?"

సుబ్బులు చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. రాలేదు, ఇంకా ప్రియదర్శిని పట్టులోనే ఉంది. సుబ్బులు ఆమె మొహంలోకి చూసింది. నాగవేణి చూసింది, బుధవారం నుంచి మొదటిసారి తలెత్తి. ఆఫీసరు గారు జవాబు కోసం నవ్వుతూ చూస్తున్నారు, ఆ నవ్వు వెనకాలే ఉంది విజయవాడ, మంచం, కిటికీ, పేరు పెట్టి పిలిచే నలుగురు. ఇప్పుడిక సాయంత్రం లేదు, సోమవారం లేదు. ఏం చెప్పినా ఇక్కడే, వీళ్ళందరి ముందే.

ప్రియదర్శిని నోరు తెరిచింది. చెప్పండి, మీరైతే ఆ చెయ్యి వదిలేసి మాట్లాడతారా, పట్టుకునే మాట్లాడతారా?